మగపెళ్లివారి కప్ప

“దొంగ! దొంగ! అత్తయ్యా, పెరటివైపు దొంగ!”

ఆ కేక వినగానే శశిభూషణ్ పారిపోదామనే అనుకున్నాడు. కానీ మోకాలి లోతు బురదలో నిలబడ్డవాడు పారిపోవాలంటే ముందు కాళ్లు పైకి రావాలి. కుడికాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఎడమకాలు రానేలేదు. ఒక చేతిలో బకెట్టు, మరో చేతిలో చిరిగిన దోమతెర పట్టుకుని, గుంట మధ్యలో ఒంటికాలి మీద ఊగుతూ అతను గట్టు మీదికి చూశాడు.

గట్టు మీద ఒక అమ్మాయి. నీలం చుడీదార్, నెత్తిన తాటాకు టోపీ, చేతిలో నోట్‌బుక్కు. కళ్లు మాత్రం... సరే, కళ్ల సంగతి తర్వాత చెప్పుకుందాం. ప్రస్తుతం వాటిలో కోపం తప్ప ఇంకేమీ కనబడడం లేదు.

“నేను దొంగని కాదండి. పెళ్లిపనుల మీద వచ్చానండి,” అన్నాడు శశి.

“బురదలో పెళ్లిపనులేంటండి?”

“పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ వెతుకుతున్నానండి.”

“ఎవరు వాళ్లు?”

“కప్పలండి.”

ఆ మాట అంటుండగానే ఎడమకాలు కూడా జారింది. చంద్రరావుగారి ఏకైక పుత్రుడు, బీకాం సెకండ్ క్లాస్, అందరూ చూస్తుండగా బురదలో చతికిలబడ్డాడు. అందరూ అంటే ఆ అమ్మాయీ, రెండు కొంగలూ. కొంగలు ఎగిరిపోయాయి. అమ్మాయి మాత్రం కోపం మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక శశికి లేవాలనిపించలేదు.

అసలు సంగతి ఏమిటంటే, అది రెండువేల రెండో సంవత్సరం జూలై నెల. తణుకుకి బస్సులో అరగంట దూరంలో ఉన్న నేలపర్రులో ఒక్క చినుకు పడలేదు. కాలవలో నీళ్లు పాదాలు కూడా తడపడం లేదు. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. శశి వాళ్ల మామ్మ వరహాలక్ష్మి ఊరి ఆడవాళ్లందరినీ పోగేసి, “ఆదివారం కప్పలకి పెళ్లి చేస్తే వాన ఎందుకు పడదో నేనూ చూస్తాను,” అని ప్రకటించింది. కప్పల్ని తెచ్చే బాధ్యత మనవడి మీద పెట్టింది.

ఇదెంత పని అనుకున్నాడు శశి. మూడు రోజులు తిరిగాడు. చేలగట్లు, పంటబోదెలు, నూతుల పక్కన పాకుడు రాళ్లు, అన్నీ చూశాడు. తేళ్లు దొరికాయి, చెంబు ఒకటి దొరికింది, కప్ప మాత్రం దొరకలేదు. చివరికి దేవకుమారి టీచరుగారి పెరటి కంచె అవతల ఉన్న గుంటలో బెక్కుమన్న చప్పుడు వినిపిస్తే ఇలా దిగాడు.

“మీకు దొరకవండి,” అంది అమ్మాయి, నవ్వు ఆపుకుని. “నలభై ఎకరాలు నడిచి లెక్కపెట్టాను. ఊరు మొత్తానికి పెద్ద కప్పలు ఏడు. ఏడూ ఈ గుంటలోనే ఉన్నాయి.”

“కప్పల్ని లెక్కపెట్టడమేంటండి?”

“అదే నా రీసెర్చి. ఎమ్మెస్సీ జువాలజీ. నా పేరు మధులత. దేవకుమారి టీచరుగారు మా మేనత్త.”

“నా పేరు శశిభూషణ్ అండి. ఎరువులు, పురుగుమందుల షాపు మాదేనండి.”

మధులత నవ్వు ఠక్కున ఆగిపోయింది. “ఓహో. అయితే ఏడే ఎందుకు మిగిలాయో మీకే బాగా తెలియాలి.”

“అయ్యో, మా షాపులో కప్పల మందు అమ్మమండి!”

“మీరు అమ్మేదంతా కప్పల మందేనండి. కప్ప నోటితో నీళ్లు తాగదు, ఒంటి చర్మంతోనే తాగుతుంది. చేలో నీళ్లలో ఏది కలిసినా నేరుగా దాని ఒంట్లోకే పోతుంది. తోకకప్పలైతే పుట్టిన నీళ్లలోనే చచ్చిపోతున్నాయి. వరిని పీల్చేసే సుడిదోమని తినే కప్పలు పోయాయి కాబట్టి దోమ పెరిగింది. దోమ పెరిగింది కాబట్టి మీ దగ్గర మందు ఇంకా కొంటున్నారు. బావుందండీ వ్యాపారం!”

శశి మూడేళ్లుగా ఆ షాపులో కూర్చుంటున్నాడు. దోమ ఏటేటా ఎందుకు పెరుగుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు. బురదలో కూర్చుని ఇంత మంచి సందేహం రావడం అతనికి అదే మొదటిసారి.

“పోనీ, రెండు కప్పలు అప్పుగా ఇవ్వండి. ఆదివారం మధ్యాహ్నానికి తెచ్చి దింపేస్తాను. ఆ మాటకొస్తే ఈ గుంట మాదేనండి. మీ అత్తయ్యగారి పెరడు ఆ కంచె వరకే.”

“గుంట మీదే కావచ్చు. కప్పలు మీవి కావుగా? హామీపత్రం రాస్తే ఇస్తాను.”

రాయించింది కూడా. తడి చేతులతోనే పట్టుకోవలెను. రోకలికి కట్టరాదు. ఒంటికి పసుపు, కుంకుమ, గంధం పూయరాదు. మధ్యాహ్నం పన్నెండులోగా ఇదే గుంటలో వదలవలెను. శశి బురద వేళ్లతో సంతకం పెట్టాడు.

“వయసు కూడా వెయ్యండి.”

“ఇరవై నాలుగండి.”

“నాకు ఇరవై అయిదు. అయితే ఇంకో షరతు. నన్ను అక్కగారూ అని పిలవాలి.”

శశి పెన్ను ఆపాడు. “అది కప్పల రక్షణకి అవసరమాండి?”

“చాలా అవసరం,” అంది మధులత, రాసేస్తూ.

ఒక్క సంగతి మాత్రం శశి ఆమెకి చెప్పలేదు. పెళ్లి అయిన మర్నాడు, సోమవారం, ఆ గుంటలో ట్రాక్టరు మట్టి పోయించి పూడ్చేసి, షాపుకి గొడౌను కట్టబోతున్నారు. ఆ ఐడియా ఎవరిదో కాదు, శశిదే. రెండు నెలలు వాళ్ల నాన్న వెంటపడి ఒప్పించాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపటికి ఆమె అతనికి కప్పని పట్టుకోవడం నేర్పింది. “గట్టిగా నొక్కకండి. అది పురుగుమందు డబ్బా మూత కాదు.” ఆ మర్నాడు చెబుదాం అనుకున్నాడు. ఆ మర్నాడు కప్ప అతని చొక్కాలోకి దూరింది, మధులత గట్టు మీద కూలబడి నవ్వింది. అంత నవ్వులో గొడౌను మాట ఎలా ఎత్తుతాడు? పిరికితనం అంటే అదే, ఇంకో పేరు లేదు. ఎత్తలేదు.

ఈ నాలుగు రోజుల్లో అతను ఆమెని ఒక్కసారి కూడా అక్కగారూ అని పిలవలేదు. పిలవాల్సి వచ్చినప్పుడల్లా దగ్గేవాడు.

“మీకు టీబీ ఏమైనా ఉందాండి?” అని అడిగింది ఆమె శనివారం నాడు, కప్పలున్న కుండ అందిస్తూ. తడి గోనెగుడ్డ కప్పిన కుండ, దాంతోపాటు మడతపెట్టిన హామీపత్రం. “వెనకవైపు రెండింటి వివరాలూ రాశాను. చదువుకోండి.”

చదవలేదు. చొక్కా జేబులో గుండెకి దగ్గరగా పెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదికల్లా షాపు ముందు పందిరి వెలిసింది. వరహాలక్ష్మి కుండలో చెయ్యి తడుపుకుని రెండు కప్పల్నీ పరీక్షగా చూసింది.

“ఈ లావుపాటిది పెళ్లికొడుకు. ఈ బక్కది పెళ్లికూతురు. ఈడూజోడూ బావుంది.”

అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ కారణం కనబడలేదు. నేలపర్రులో ఏ పెళ్లిలో అయినా పెళ్లికొడుకే పొడుగు, పెళ్లికొడుకే లావు. లావు కప్పని ఒక బానలో, బక్క కప్పని ఇంకో బానలో పెట్టారు. పసుపు పూయకూడదని శశి బతిమాలితే, “పసుపు లేని పెళ్లేంట్రా!” అని మామ్మ మండిపడింది. చివరికి బానలకి పసుపు రాసి, బాసికాలు బానలకే కట్టడానికి ఒప్పుకుంది.

మగపెళ్లివారి పెద్దగా చంద్రరావు కూర్చున్నాడు. ఆడపెళ్లివారి పెద్దగా దేవకుమారి టీచరుగారు కూర్చుంది. ఇక చంద్రరావుకి పట్టపగ్గాల్లేవు.

“కాఫీ ఇదేనాండి? మగపెళ్లివారికి ఇచ్చే కాఫీయేనా ఇది? డికాషన్ ఏదండి?”

“మళ్లీ కలిపిస్తానండి,” అంది టీచరుగారు పళ్లు బిగించి.

“కుర్చీలు ఎండలో వేశారు. మావాడు వడదెబ్బకి తాళలేడు.”

“కుండలో ఉన్నాడు కదండి!”

“కుండలో ఉన్నా మగపెళ్లివాడు మగపెళ్లివాడేనండి.”

పురోహితుడు అప్పాజీగారు గోత్రం దగ్గర ఆగాడు. “వరుడికి ఏ గోత్రం చెప్పమంటారండి?”

“మా గోత్రమే చెప్పండి!” అన్నాడు చంద్రరావు, కండువా సర్దుకుని. “ఈ పందిట్లో ఆ లావుపాటి కప్ప నా బిడ్డే.”

ఊరంతా చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే ట్రాక్టరు సత్తియ్య పందిట్లోకి వచ్చాడు. “చంద్రరావుగారూ, రేపు మట్టి ఎన్ని గంటలకి తెమ్మంటారండి? గుంట పూడ్చడానికి పది ట్రక్కులు సరిపోతాయంటారా?”

మధులత చేతిలో అక్షింతల పళ్లెం ఉంది. అది కింద పెట్టింది.

“ఏ గుంట?” అంది.

“టీచరుగారి పెరటి వెనకాల గుంటేనమ్మా. గొడౌను కడతన్నారుగా. చినబాబుగారిదే ప్లాను.”

ఆమె శశి వైపు చూసింది. ఇప్పుడు ఆ కళ్ల గురించి చెప్పుకోవాలి. పెద్ద కళ్లు. నాలుగు రోజులుగా అతన్ని చూసినప్పుడల్లా నవ్విన కళ్లు. ఇప్పుడు అవి నీళ్లతో నిండాయి.

“అందుకేనా కప్పల్ని కుండల్లోకి ఎక్కించింది? మిగతా అయిదూ మట్టి కింద, ఈ రెండూ పందిట్లో. బావుంది.”

“అలా కాదండి. చెబుదామనే...”

“ఎప్పుడు? పూడ్చాకా?”

ఆమె పందిరి చివరికి వెళ్లి అతనికి వీపు చూపించి కూర్చుంది. “అత్తయ్యా, సాయంత్రం బస్సుకి నేను వెళ్లిపోతాను,” అనడం మాత్రం వినిపించింది.

పెళ్లి సాగిపోతోంది. అప్పాజీగారు మంత్రాలు చదువుతున్నాడు. శశికి ఏదీ చెవికెక్కడం లేదు. మనిషి ఎలాగూ మాట్లాడదు, కనీసం ఆమె అక్షరాలైనా చూసుకుందామని జేబులోంచి హామీపత్రం తీశాడు. ఒకసారి అక్కగారూ అన్న షరతు చూసి నిట్టూర్చాడు. వెనక్కి తిప్పాడు.

“మూడో నంబరు: ఆడ. పధ్నాలుగు సెంటీమీటర్లు. అయిదో నంబరు: మగ. పది సెంటీమీటర్లు, గొంతు కింద నల్లటి ముడతలు. గమనిక: ఈ జాతిలో ఆడదే పెద్దది.”

శశి రెండుసార్లు చదివాడు. బానల వైపు చూశాడు. కండువా సర్దుకుంటున్న నాన్న వైపు చూశాడు. అతని బీకాం బుర్ర జన్మలో మొదటిసారి చకచకా పనిచేసింది.

“ఆపండి!” అని అరిచాడు.

మంత్రం ఆగింది. డోలు ఆగింది. కాఫీ తాగుతున్న చంద్రరావు నోరు కూడా ఆగింది.

“తప్పు జరిగిపోయింది మామ్మా. లావుపాటిది ఆడకప్ప. బక్కది మగది.”

“నోర్ముయ్,” అంది వరహాలక్ష్మి. “అంత లావు ఆడపిల్ల ఎక్కడైనా ఉంటుందా?”

మామ్మ తూకం ఎంతో ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి నవ్వలేదు.

“కావాలంటే మధులతగారిని అడగండి.”

మధులత ఇటు తిరగలేదు. ఈ జన్మలో అతనితో మాట్లాడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. కానీ ఎదురుగా జువాలజీ తప్పు జరుగుతుంటే ఎంతసేపని ఊరుకుంటుంది? అర నిమిషం ఊరుకుంది.

“గొంతు కింద ముడతలు చూడండి,” అంది గోడతో మాట్లాడుతున్నట్టు. “ముడతలున్నది మగది. అరిచేది అదే.”

అప్పాజీగారు బానలోకి తొంగి చూశాడు. బక్క కప్ప ఆయన ముఖం మీదే బెక్కుమంది. “మగవాడేనండి,” అని ఆయన ఒప్పుకున్నాడు.

“అయితే నాన్నా,” అన్నాడు శశి, “లావు కప్ప మీ బిడ్డేనని మీరే అన్నారు. గోత్రం కూడా మనదే చెప్పించారు.”

“అన్నాను. అయితే ఏంటి?”

“అయితే మనం ఆడపెళ్లివారం.”

పందిట్లో ఒక్కసారిగా గోల లేచింది. దేవకుమారి టీచరుగారు కుర్చీలో నెమ్మదిగా వెనక్కి వాలింది. కాలు మీద కాలు వేసుకుంది.

“చంద్రరావుగారూ,” అంది, “కాఫీ చల్లారిపోయిందండి.”

చంద్రరావు అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. కండువా నడుముకి చుట్టుకుని, “ఒరేయ్, మగపెళ్లివారికి కాఫీలు!” అని కేకేశాడు.

“ఇంకో మాట నాన్నా. అమ్మాయికి పసుపుకుంకుమల కింద ఏమిస్తున్నారు?”

“కప్పకి పసుపుకుంకుమలేంట్రా?”

“ఎందుకివ్వవు?” వరహాలక్ష్మి అందుకుంది. లావుపాటి ఆడపిల్ల విషయం తేలాక ఆవిడ మనసు అటు మళ్లింది. “మన ఇంట్లో ఏ ఆడపిల్లనైనా వట్టి చేతులతో పంపామా? నాకు మా నాన్న ఎకరం చెక్క రాశాడు. ఒరేయ్ చంద్రం, పిల్లకి ఏదో ఒక భూమి ఇవ్వకపోతే ఈ పెళ్లి చెల్లదు. పెళ్లి చెల్లకపోతే వాన పడదు.”

వాన మాట వినగానే ఊరు ఊరంతా చంద్రరావు వైపు తిరిగింది.

“గుంట ఇవ్వండి నాన్నా. అది పుట్టిల్లు, అదే అత్తిల్లు.” శశి మధులత కూర్చున్న వైపు తిరిగాడు. “గొడౌను ఆలోచన నాదేనండి. ఆ గుంటలో ఏముందో నాకు తెలియదు. తెలిశాక కూడా నాలుగు రోజులు చెప్పలేదు. చెబితే మీరు నాతో నవ్వరేమోనని భయపడ్డాను. అది నా తప్పు. గొడౌను వద్దు నాన్నా. సరుకు తగ్గించుకుందాం.”

చంద్రరావు కొడుకు ముఖం చూశాడు, ఊరి ముఖం చూశాడు, బానలో గుడ్లు మిటకరిస్తున్న కూతురి ముఖం చూశాడు.

“సరే, ఇచ్చాను,” అన్నాడు. “సత్తియ్యా, మట్టి వద్దు. ఇంకో సంగతి, నువ్వు స్ప్రేయరు ఆ గుంటలో కడుగుతున్నావని విన్నాను. మా అమ్మాయి కాపురం చేసే చోట కడిగావంటే ఊరుకోను.”

పన్నెండుకి పది నిమిషాలుండగా కొత్త దంపతుల్ని మేళతాళాలతో గుంట దగ్గరికి తీసుకెళ్లారు. శశి చేతులు తడుపుకుని ఒక్కొక్కదాన్నీ వదిలాడు. పెళ్లికూతురు వెనక్కి చూడకుండా గెంతేసింది. చంద్రరావు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందని తర్వాత చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సు వచ్చింది, వెళ్లింది. మధులత ఎక్కలేదు. లెక్క ఇంకా పూర్తి కాలేదట.

వాన ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. ఈలోగా షాపు ముందు ఒక బోర్డు వెలిసింది: “ముందు వరి దుబ్బుల్లో దోమని లెక్కపెట్టండి. తర్వాతే మందు అడగండి.” దోమ తక్కువుంటే శశి వేపకషాయం ఎలా కాచాలో చెప్పి పంపేస్తున్నాడు. గట్టు మీద గడ్డి కొంచెం ఉంచమని, కాలవలో డబ్బాలు కడగొద్దని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

“షాపు పెట్టింది అమ్మడానికా, వద్దని చెప్పడానికా?” అని చంద్రరావు రోజుకి మూడుసార్లు అరిచేవాడు. అరిచి, గుంట దగ్గరికి వెళ్లి కూతురెలా ఉందో చూసొచ్చేవాడు.

తొమ్మిదో రోజు, మిట్టమధ్యాహ్నం, ఆకాశం నల్లబడి కుండపోతగా కురిసింది. వరహాలక్ష్మి అరుగు మీద కూర్చుని, “నేను చెప్పలేదూ!” అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పింది. మధులత మాత్రం, “బంగాళాఖాతంలో అల్పపీడనం,” అంది. ఎవరూ వినిపించుకోలేదు.

శశి తడుస్తూ గుంట దగ్గరికి పరుగెత్తాడు. ఆమె అప్పటికే గొడుగు కింద నిలబడి లెక్కపెడుతోంది.

“చూడండి!” అంది.

గుంట నిండా బెకబెకలు. మగ కప్పలన్నీ ఒళ్లంతా పసుపు రంగుకి తిరిగాయి. నిమ్మపండంత పసుపు. గొంతు రెండు వైపులా నీలం బుడగలు ఉబ్బుతున్నాయి.

“పసుపు రాయొద్దన్నారుగా!” అన్నాడు శశి నోరు తెరిచి.

“నేను వద్దంది మీ మామ్మగారి పసుపుని. ఇది వాటి సొంత పసుపు. మొదటి వానకి పెళ్లికొడుకులు వాళ్లే పూసుకుంటారు.” ఆమె నోట్‌బుక్కు చూపించింది. “పదకొండు. నాలుగు ఇన్నాళ్లూ మట్టిలో దాక్కున్నాయి. గుంట పూడ్చి ఉంటే...”

“పూడ్చలేదుగా.”

“పూడ్చలేదు,” అని ఆమె గొడుగు కొంచెం ఇటువైపు జరిపింది.

శశి దగ్గాడు. అలవాటు కొద్దీ కాదు, ధైర్యం కోసం. “మీరంటే నాకు చాలా ఇష్టమండి. బురదలో పడ్డ రోజు నుంచీ.”

మధులత కప్పల వైపే చూస్తూ, “ఆ రోజు మీరు అంత బాగా పడకపోతే నేను నవ్వేదాన్ని కాదు. నవ్వకపోతే సంగతి ఇంతదూరం వచ్చేదీ కాదు,” అంది.

గొడుగు కింద ఇద్దరుండడం కంచె అవతల నుంచి ముగ్గురు చూశారు. వరహాలక్ష్మి తాటాకు గొడుగేసుకుని నేరుగా సంగతిలోకి దిగింది. “దేవకుమారీ, మీ మేనకోడల్ని మావాడికిస్తారా?”

టీచరుగారు ఇబ్బందిగా కదిలింది. “మాకు ఇష్టమేనండి. కానీ మా పిల్ల మీవాడికంటే ఏడాది పెద్దదండి.”

వరహాలక్ష్మి ముఖం వాడిపోయింది. “పిల్ల పెద్దదా? మన ఇళ్లల్లో ఎక్కడైనా...”

అప్పుడు చంద్రరావు గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా,” అన్నాడు గుంట వైపు చూపిస్తూ, “మా అమ్మాయి అల్లుడికంటే నాలుగు సెంటీమీటర్లు పెద్దది. కాపురం బ్రహ్మాండంగా సాగుతోంది. నువ్వే దగ్గరుండి చేశావు.”

మామ్మ గుంట వైపు చూసింది. పసుపు కప్ప ఒకటి ఆవిడ కేసి గట్టిగా అరిచింది. “సరేలే,” అంది మామ్మ. “ఈసారి కాఫీ మాత్రం వాళ్లే పెట్టాలి.”

శశి నిలువునా తడిసి, నిలువునా నవ్వుతూ నిలబడ్డాడు. మధులత చెయ్యి చాచింది.

“ఆ హామీపత్రం ఇలా ఇవ్వండి.”

తడిసిన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసి, అక్కగారూ అని పిలవవలెను అన్న చోట అడ్డంగా ఒక గీత గీసింది. మడతపెట్టి మళ్లీ అతని జేబులోనే పెట్టింది.

“మిగతా షరతులన్నీ అలాగే ఉంటాయి,” అంది.